మంచు మైదానం లేని జట్టు

మొన్న ఆదివారం ఐర్లండ్‌లో మేముండే నేవన్ ఊళ్ళో సరుకులు కొనుక్కుని వస్తుంటే, దుకాణం వెనక ఖాళీ జాగాలో ఇద్దరు ఆడపిల్లలు చక్రాల బూట్లేసుకుని గిరగిర తిరుగుతూ కర్రలతో బంతి కొట్టుకుంటున్నారు. నేను సంచీ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కరోనా రోజులంటే మీలో చాలామందికి మాస్కులూ, మూసిన తలుపులూ గుర్తుకొస్తాయేమో, నాకు మాత్రం ఐస్ హాకీ గుర్తుకొస్తుంది.

అప్పట్లో మా అమ్మాయి ఐర్లండ్ బాలికల జట్టులో గోల్‌కీపరు. మంచు మీద జారుతూ గట్టి రబ్బరు బిళ్ళను కర్రతో కొట్టే ఆట అది. అయితే మా జట్టుకు సొంత మంచు మైదానమే లేదు. సాధనకు సరిహద్దు దాటి ఉత్తర ఐర్లండ్‌కి వెళ్ళేవారు, లాక్‌డౌన్‌లో అదీ మూతబడింది. డాక్టరుగా నేను ఆసుపత్రిలో ఊపిరాడని రోగుల మధ్య పగలంతా గడిపి వచ్చేసరికి, పిల్ల హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉండేది.

మమ్మల్ని చూడటానికి తెనాలి నుంచి వచ్చి, ఇండియా విమానాలు ఆగిపోయి ఇక్కడే చిక్కుకున్న మా అత్తగారికి అది చూస్తే మనసు ఆగలేదు.

“అట్లా దిగాలుగా కూర్చుంటే ఎట్లాగే? ఆ కర్ర ఇటు తే. నేను కొడతా, నువ్వాపు.”

అలా మొదలైంది. చీర మీద మావారి కోటు తొడుక్కుని ఆవిడ ఇంటిముందు టెన్నిస్ బంతులు కొడుతుంటే, గరాజ్ తలుపు ముందు మనవరాలు ఆపేది. ఎదురింటి ఐరిష్ దంపతులు తమ గేటు దగ్గరే నిలబడి చప్పట్లు కొట్టేవారు. జట్టులోని మిగతా పిల్లలూ ఎవరి ఇళ్ళ ముందు వాళ్ళు అలాగే ఆడుతున్నారని తెలిసినప్పుడు, ఆ పిల్లల పట్టుదలకు నాకు గౌరవం కలిగింది.

వాయిదాల మీద వాయిదాలు పడి, చివరికి పరాయి దేశంలో పోటీలు జరిగాయి. మమ్మల్ని రానివ్వలేదు, ఇంట్లో టీవీలోనే చూశాం. ఆఖరి మ్యాచ్ ముందు కరోనా పరీక్షల్లో మావాళ్ళలో కొందరికి పాజిటివ్ వచ్చి హోటల్ గదుల్లోనే ఉంచేశారు. ఆడతారో, తప్పుకుంటారో మీరే తేల్చుకోండని కోచ్ మిగిలినవాళ్ళకు వదిలేశారట. డాక్టరుగా వద్దందామనుకుంటుండగానే ఫోనులో మా అమ్మాయి, “వియ్ కేమ్ టు ప్లే, అమ్మా. ఐ'ల్ బి గ్రాండ్,” అంది. ఇక్కడివాళ్ళ మాటలో ‘గ్రాండ్’ అంటే బాగానే ఉంటానని. సరేనన్నాను.

పుట్టినప్పటినుంచీ మంచు మీదే పెరిగిన పిల్లలు అవతలివాళ్ళు. మావాళ్ళకు కాసేపు కూర్చుని సేద తీరడానికి బదులు ఆటగత్తెలే లేరు. అయినా ఒక్కరూ వెనక్కి తగ్గలేదు. బిళ్ళ తన మీదికి దూసుకొచ్చిన ప్రతిసారీ మా అమ్మాయి మోకాళ్ళ మీద పడి ఆపుతుంటే, సోఫాలో నేను మావారి చెయ్యి నలిపేశాను. చివరి నిమిషాల్లో ఒక్క గోలు పడింది. ఓడిపోయారు.

అప్పుడు గెలిచిన పిల్లలంతా మా అమ్మాయి వైపు తిరిగి కర్రలతో మంచును టకటకా కొట్టసాగారు. అత్తగారు కంగారుపడ్డారు.

“ఏంట్రా ఆ బాదుడు? మన పిల్ల మీదికి వస్తున్నారా?”

“కాదమ్మా,” అన్నారు మావారు. “అవి వాళ్ళ చప్పట్లు. మన పిల్లకే.”

ఆవిడ మెల్లగా లేచి నిలబడ్డారు. వెనకే మేమూ లేచాం.

ఇప్పుడు ఆ జట్టు పిల్లలంతా తలో ఊరు చేరారు. మా అమ్మాయి కార్క్ నగరం వైపు మందుల కంపెనీలో ఉద్యోగం చేస్తూ, తీరికే లేదంటుంది. ఎక్కడికి కావాలంటే అక్కడికి వెళ్ళగలం, ఎవరూ ఆపరు. సాయంత్రమైతే మాత్రం ఎవరి గదిలో వాళ్ళం. ఆ కాలం మళ్ళీ రావాలని ఏ డాక్టరూ కోరుకోరు. కానీ ఒక పిల్ల ఆట కోసం ఇంటిల్లిపాదీ చలిలో బయట నిలబడటం మళ్ళీ మాకెన్నడూ కుదరలేదు.