రంగులేని దిమ్మె

మధురవాడ ఆఫీసులో నా పక్క సీటతను ప్రతి నెలా ఉద్యోగుల లెక్కకి కంప్యూటర్లో వాటర్‌ఫాల్ చార్ట్, మెట్లు మెట్లుగా ఉండే బొమ్మ, చేసేవాడు. చేరినవాళ్లు పచ్చ దిమ్మెలు, వెళ్లిపోయినవాళ్లు ఎర్ర దిమ్మెలు. అవన్నీ గాల్లో తేలుతున్నట్టుంటాయి గానీ, కింద వాటిని మోసే దిమ్మెలు వేరే ఉంటాయి. అవి కనపడకుండా వాటికి రంగు తీసేస్తారు. అతను ఆ ఖాళీలో మౌస్ నొక్కి చూపించేవాడు. కనపడని దిమ్మెకి నాలుగు మూలలా చుక్కలు మెరిసేవి.

“సూడు బావ, ఎక్కడికీ పోనేదు. రంగు తీసీసేనంతే,” అనేవాడు, నవ్వకుండా.

మొన్న వానల్లో హైవే మీద లారీ గుద్ది పోయాడు. ఈ నెల చార్ట్ నా మీద పడింది. ఎర్ర దిమ్మె ఒక్కటే వచ్చింది, అతనిది. దాని కింద ఖాళీలో నొక్కాను. చుక్కలు మెరిశాయి.

పక్క కుర్చీ ఖాళీగానే ఉంది. అయినా అతనికి తగలకుండా మోచెయ్యి దగ్గరికి తీసుకున్నాను.