ఓళిగల పగ, కోలల చప్పుడు

మా అమ్మాయి పెండ్లిలో వాళ్ళ అత్తగారి పంక్తికి ఓళిగలు, అవే బొబ్బట్లు, రెండోసారి రాలేదట. వచ్చాయి, తిని మరిచిపోయారని నేనన్నాను. అంతే, రెండేళ్ళు మా వియ్యపురాలికీ నాకూ మాటల్లేవు. ఇద్దరం ఉండేది చింతామణిలోనే. సంతలో ఎదురైతే ఆమె కొత్తిమీర కట్టల వైపు చూసేది, నేను ఆకాశం వైపు చూసేదాన్ని. మధ్యలో నలిగింది మా అమ్మాయి.

సముదాయ భవనంలో అరవై దాటినవాళ్ళకు కోలాటం నేర్పుతున్నారంటే, మోకాళ్ళకు మంచిదని వెళ్ళాను. కోలలు పట్టుకుని తలెత్తితే ఎదురుగా వియ్యపురాలు! వెళ్ళిపోతే ఓడినట్టే. ఆమె కూడా అదే అనుకున్నట్టుంది, కొంగు బిగించింది. కోలాటంలో తిరిగే కొద్దీ అందరూ అందరికీ ఎదురుపడాల్సిందే. ఆమె ఎదురైనప్పుడల్లా కోల కొంచెం గట్టిగా కొట్టాను. ఆమె ఇంకొంచెం గట్టిగా కొట్టింది. నేర్పే మేష్ట్రు మా ఇద్దరి ఉత్సాహాన్ని అందరి ముందూ మెచ్చుకున్నాడు.

ఆ కసిలో నేను అడుగు తప్పాను.

"ఎడం పక్క తిరుగు వదినా," అంది ఆమె. "పెండ్లిలోనూ ఇట్లే అడ్డం తిరిగితివి."

నవ్వాపుకోలేక కోల జారవిడిచాను. ఆమెకూ నవ్వొచ్చింది. ఆ సాయంత్రం బస్టాండు దగ్గర బోండాలు తింటూ రెండేళ్ళ కబుర్లూ చెప్పుకున్నాం. ఇంట్లో చెబుదామా అన్నాను.

"వద్దు వదినా. మనం కోపంగా ఉండామనే కదా అందురూ మనల్ని పట్టించుకుంటాండేది."

నిజమే. నన్ను మెత్తబరచడానికి అల్లుడు చిక్కబళ్ళాపురం నుంచి ద్రాక్షపళ్ళు తెస్తున్నాడు. వాళ్ళింట్లో మా అమ్మాయి ఆమెకు అడక్కముందే కాఫీ ఇస్తోంది. ఆ సుఖం వదులుకోవడం ఇద్దరికీ ఇష్టం లేకపోయింది.

అమ్మాయికి ఏడో నెల వచ్చింది. ఒకరోజు నా వంటింట్లో కూర్చుని ఏడ్చింది.

"మీరిద్దరూ పక్కపక్కన కూచుంటేనే శ్రీమంతం. లేకుంటే నాకొద్దే వద్దు."

అప్పుడే చెప్పేయాల్సింది, కానీ సిగ్గేసింది. మూతి ముడుచుకునైనా పక్కన కూర్చుందామని వియ్యపురాలూ నేనూ ఒప్పందం చేసుకున్నాం.

శ్రీమంతం రోజు అలాగే కూర్చున్నాం. గాజులు తొడిగాక ఎవరో పాట ఎత్తుకున్నారు. అది మా కోలాటం పాటే. నా చెయ్యి తనంతట తానే లేచింది, ఆమెదీ లేచింది. రెండు అరచేతులూ కలిసి చప్పుడు చేశాయి. ఆపైన ఇద్దరం ఒకేసారి ఎడం పక్కకు తిరిగాం.

అమ్మాయి నోరు తెరుచుకుని చూసింది. "ఎప్పట్నించి జరగతాండాది ఇది?"

"నేను మొదుట్లోనే చెప్దామంటి. మీ యమ్మే వద్దనె," అంది వియ్యపురాలు, కనురెప్ప కూడా ఆర్పకుండా.

ఎంత అబద్ధం! కడిగేద్దామనుకున్నాను. అంతలో అమ్మాయి గాజుల చేతులు మా ఇద్దరి మెడల చుట్టూ వేసి, ఏడుస్తూనే నవ్వింది. పెండ్లయినప్పటి నుంచి దాని ముఖంలో అంత నవ్వు నేను చూడలేదు. సరే, నింద నా మీదే ఉండనీ అని ఊరుకున్నాను.

సోమవారం క్లాసుంది. నా చేతిలోనూ కోలలుంటాయి.