పసుపు దీపం మీద బొట్టు

బండి ఎక్కగానే జయచంద్ర చేసే మొదటి పని చెప్పులు విడవడం. రెండింటినీ సీటు కిందికి తోసి, అరికాలిని బ్రేకు పెడలు మీద ఒకసారి ఆనించి చూసుకుని, ఆ తర్వాతే తాళం తిప్పేవాడు. చెప్పు అడ్డముంటే బండి ఏమంటున్నదో తెలియదనేవాడు. ఇరవై ఏళ్లకు పైగా గుంట మగ్గంలో కూర్చుని, కింద రెండు పలకలను మార్చి మార్చి తొక్కిన మనిషి. పలక కట్టిన తాడు వదులైతే చూపు కంటే ముందు అతని కాలికే తెలిసేది. అప్పుడు పని ఆపేవాడు కాదు. ఒకటికి రెండుసార్లు తొక్కి, నేత సాగించేవాడు. పొద్దుగూకాక తీరిగ్గా తాడు బిగించుకునేవాడు.

వాళ్ల ఊరు తిరుత్తణికీ కనకమ్మ సత్రానికీ మధ్య, రోడ్డుకు కాస్త లోపల. నూలిచ్చే ఆసామి నూలివ్వడం మానేశాక వీధిలో మగ్గాల చప్పుడు ఒక్కొక్కటిగా ఆగిపోయింది. కొందరు మరమగ్గాలకు పోయారు, కొందరు కంపెనీ బస్సులెక్కారు. జయచంద్ర మగ్గం విప్పేసి, తిరుత్తణిలో ఒకరు వాడి వదిలేసిన పాత కారు కొన్నాడు. కొండ మీది గుడికి వచ్చే భక్తులను ఎక్కించుకునేవాడు. పురటాసి నెల శనివారాల్లో మొక్కుబడుల వాళ్లతో తిరుపతికి పోయేవాడు. సోమవారం, గురువారం మాత్రం ఎవరు పిలిచినా పోయేవాడు కాదు. ఆ రెండు రోజులూ అక్క సరసమ్మవి.

సరసమ్మకు మూత్రపిండాలు పనిచేయడం మానేశాయి. వారానికి రెండుసార్లు తిరువళ్లూరులో రక్తం శుద్ధి చేయించుకుంటేనే బతుకు. అందుకోసం ఆమె ఎడమ ముంజేతిలో రెండు నరాలను కలిపి కుట్టారు. ఆ చోట వేలు పెడితే లోపల తుమ్మెద తిరుగుతున్నట్టు గుయ్యిమనేది. భర్త పోయి, పిల్లలు లేని సరసమ్మ ఆ చేతిని చంటిబిడ్డను మోసినట్టు ఒడిలో పెట్టుకుని ముందు సీట్లో కూర్చునేది.

"చూడరా, గుయ్యిమంటా ఉండాదా?" అనేది దారిలో.

జయచంద్ర ఎడమ చేత్తో తాకి చూసేవాడు. "రైసుమిల్లు మాదిరి ఉండాది లేక్కా."

"నీ నోరు పడిపోను. ఇది ఆగితే నన్ను ఎత్తుకోని పోవాల్సిందే."

ఆడి నెల మొదట్లో ఒక గురువారం, తాళం తిప్పగానే మీటర్ల దగ్గర వెలిగి ఆరిపోవాల్సిన దీపాల్లో పసుపుది ఒకటి ఆరలేదు. జయచంద్ర కంటే ముందు సరసమ్మే చూసింది.

"ఏందిరా అది, ఆరిపోలేదు?"

"పాత బండి గదక్కా. ఏదో ఒకటి ఎలుగుతా ఉంటాది."

"ఆడ మిషన్లో గూడా ఇట్టాంటిదే ఎలుగుతాది. ఎలిగితే నర్సమ్మలు ఉరుక్కుంటా వస్తారు. పోయిన నెల నా పక్క మంచం ఆయనకి అట్లే ఎలిగింది."

ఆయన ఇప్పుడు యాడున్నాడని జయచంద్ర అడగలేదు. ఆ మంచం మీద ఇప్పుడు వేరే మనిషి పడుకుంటున్నాడని అతనికి తెలుసు. సరసమ్మ ఆసుపత్రి చేరేదాకా ఆ దీపం మీంచి చూపు తీయలేదు. చేతిని చీర కొంగులో చుట్టి పట్టుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు కనకమ్మ సత్రం కూడలిలో పాల్‌రాజ్ షెడ్డు దగ్గర ఆపాడు. పాల్‌రాజ్ డబ్బా లాంటి యంత్రానికి తీగ తగిలించి చూశాడు.

"ఏబీఎస్సు అన్నా. ఎనక ఎడమ చక్రం కాడ సెన్సారు పోయింది. గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసుకునేది అది. ఇంక చూసుకోదు."

"బ్రేకు పడతాదా, పడదా? అది చెప్పు."

"మామూలు బ్రేకు పడతాది. వానలో మాత్రం దబక్కున తొక్కొద్దు, బండి జారతాది. నీ బండి నా కంటే ముసలిది గదా, సామాను మద్రాసులో వెతికించాల. వచ్చినాక బండి రెండు దినాలు నాకాడ వదిలేయాల."

"అంతదాకా తిప్పచ్చా?"

"ఇది పసుపు. మెల్లగా పోయి చేయించుకోమని అర్థం. దీని పక్కనే ఎర్రది ఒకటుండాది, చూసినావా? అది ఎలిగితే ఉన్నచోటనే ఆపేసి నాకు ఫోన్ కొట్టు. ఇంటికి గూడా పోవద్దు."

జయచంద్ర తలూపాడు. వెనక సీట్లో నీరసంగా పడుకున్న సరసమ్మకు ఈ మాటలేవీ వినబడలేదు.

సోమవారం పొద్దున ఆమె గుమ్మం దాటకుండానే అడిగింది. "ఆ లైటు ఆరిందా?"

"లేదు. దాంతో ఏం కాదన్నాడు పాల్‌రాజ్."

"అయితే నువ్వు ఇంట్లో ఉండు. నేను బస్సులో పోతా."

అన్నంత పనీ చేసింది. రక్తం శుద్ధి అయ్యాక మనిషి ఉతికి పిండిన గుడ్డలా ఉంటుంది. తిరుగు బస్సులో సీటు దొరకలేదు. కడ్డీ పట్టుకుని నిలబడి, సత్రం దాటకముందే కూలబడింది. ఎవరో నీళ్లు చల్లి, ఫోన్ చేశారు. జయచంద్ర పోయి తీసుకొచ్చాడు. బండిలో ఆమె కళ్లు మూసుకునే కూర్చుంది. అలసటతోనో, ఆ దీపాన్ని చూడలేకో, అతనికి తెలియలేదు.

ఆ తర్వాతి గురువారం జయచంద్ర ముందే లేచి బండి కడిగాడు. స్టీరింగు నడుమ పెట్టే బొట్టు ఎప్పటిలాగే పెట్టాడు. ఆ చేత్తోనే ఇంకాస్త చందనం మందంగా తీసి, మీటర్ల అద్దం మీద పసుపు దీపం ఉన్న చోట అద్ది, పైన కుంకుమ పెట్టాడు. తాళం తిప్పి చూశాడు. ఏమీ కనబడలేదు.

"ఆరిపోయిందక్కా," అన్నాడు.

సరసమ్మ వంగి చూసింది. బొట్టు చూసి ఆమె ముఖం తేటపడింది. "ఈ బుద్ధి ముందే ఉండుంటే బాగుండు," అంది. ఆ రోజు దారి పొడుగునా పక్కింటి వాళ్ల గురించి మాట్లాడుతూనే ఉంది.

బొట్టు ఎండితే రాలిపోతుంది. అందుకని రోజూ పాతదాని మీదే కొత్తది పెట్టేవాడు. బండెక్కిన భక్తులు దాన్ని చూసి ముచ్చటపడేవాళ్లు. ఆడికృత్తిక పండగకు కొండ మీది నుంచి తెచ్చిన కుంకుమను సరసమ్మ తన వేలితోనే దాని మీద అద్దింది. నెల తిరిగేసరికి అది పావలా బిళ్ల అంత ఉన్నది కాస్తా అరచేతి గుంట అంతైంది.

సామాను వచ్చిందని పాల్‌రాజ్ ఫోన్ చేశాడు. ఆడి జాతర పోనీ అన్నాడు జయచంద్ర. మళ్లీ చేస్తే పురటాసి శనివారాలు పోనీ అన్నాడు. షెడ్డులో బండి వదలాల్సిన ఆ రెండు రోజులు ఏ రోజులని చూసినా ఒక బాడుగో, అక్క ఆసుపత్రో అడ్డం వచ్చేది. దీపం కంటికి కనబడుతుంటే ఆ తొందర వేరుగా ఉండేదేమో. కనబడనిదాన్ని రోజూ ఎవరు తలుచుకుంటారు?

పురటాసి చివర్లో బ్రేకు పెడలు కొద్దిగా మెత్తబడింది. ఆ సంగతి అతని కాలికి తెలిసింది. తెలిసి, మగ్గంలో తాడు వదులైనప్పుడు ఏం చేసేదో అదే చేసింది. ఒకటికి రెండుసార్లు తొక్కింది. రెండోసారికి బ్రేకు పట్టేది. పని జరిగిపోతున్నది కాబట్టి జయచంద్ర దాన్ని గురించి ఆలోచించలేదు. కాలే సర్దుకుంది.

వానలు పడే ఐప్పసి నెలలో ఒక సోమవారం. సన్నగా వాన. తిరువళ్లూరు వైపు పోతుంటే, కనకమ్మ సత్రం ఇంకా రాకముందు, ఎదర చెరకు ట్రాక్టరు మేకలు అడ్డం వచ్చి ఆగిపోయింది. జయచంద్ర తొక్కాడు. పెడలు అడుగుకు తగిలింది. రెండోసారి తొక్కితే సగం దాకా పట్టి జారింది. భయంతో మూడోసారి పాదమంతా వేసి తొక్కితే, ఒక్కసారిగా పట్టింది. చక్రాలు బిగుసుకుపోయాయి. తడి రోడ్డు మీద బండి పక్కకు తిరిగి, ఎడమ తలుపుతో ట్రెయిలరు మూలను గుద్దుకుంది.

చప్పుడు పెద్దగా రాలేదు. జయచంద్ర ఒంటి మీద గీత కూడా పడలేదు. సరసమ్మ అరవలేదు. తన చేతిని చూసుకుంటూ కూర్చుంది. రక్తం చిందుతున్నది, కొళాయి వదిలినట్టు. అతను తువ్వాలు చుట్టి, రెండు చేతులా అదిమి పట్టుకున్నాడు. ఆంబులెన్సు వచ్చేదాకా వదల్లేదు. ఆ తువ్వాలు కింద గుయ్యిమనే చప్పుడు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోవడం అతని వేళ్లకు తెలిసింది.

ప్రాణం నిలిచింది. చెయ్యి పనికిరాకుండా పోయింది. కుడి చేతి నరాలు మరీ సన్నగా ఉన్నాయని, రక్తం శుద్ధికి మెడ దగ్గర ట్యూబు వేశారు. చీము పట్టకుండా చూసుకోవాలని, పడితే మాత్రం కష్టమని డాక్టరు అతన్ని పక్కకు పిలిచి చెప్పింది.

బండిని పాల్‌రాజ్ షెడ్డుకు లాగించారు. జయచంద్ర పోయేసరికి పాల్‌రాజ్ వెనక చక్రం విప్పి పెట్టాడు. లోపలంతా బ్రేకు నూనె కారి తడిగా ఉంది.

"చానా దినాలుగా కారతా ఉండాదన్నా. డబ్బాలో నూనె అడుగంటింది. ఎర్ర లైటు ఎలిగే ఉండాల. నువ్వు చూడలేదా?"

పాల్‌రాజ్ తాళం తిప్పి చూసి, ఏమీ కనబడక, తడిగుడ్డతో అద్దం మీది బొట్టు తుడిచాడు. పసుపుది, దాని పక్కన ఎర్రది, రెండూ వెలుగుతున్నాయి. పాల్‌రాజ్ కాసేపు వాటినే చూసి, తాళం తీసేశాడు. గుడ్డను పిండకుండానే మూలకు విసిరాడు.

సరసమ్మ ఇల్లు చేరాక జయచంద్ర ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుని, చెప్పేశాడు. లైటు ఆరలేదని, బొట్టుతో కప్పానని. ఎర్రది కూడా దాని కిందే వెలిగిందని.

సరసమ్మ మెడ తిప్పలేక పైకే చూస్తూ విన్నది.

"నేను గూడా పెట్టినా గదరా, దాని మీద," అంది.

"నీకేం తెలుసక్కా."

"తెలీదు. నువ్వు చెప్పలేదు. చెప్పుంటే భయపడతా ఉంటి. అంతే గదా."

అతను ఆమె కాళ్లు పట్టుకోబోయాడు. ఆమె కాళ్లు ముడుచుకుంది.

సరసమ్మ మెడలో ట్యూబు ఇప్పటికి రెండుసార్లు మార్చారు. ఆమెను ఆసుపత్రికి పొరుగింటి వళ్ళియమ్మ ఆటోలో తీసుకుపోతుంది. జయచంద్ర కారును పాత సామాన్ల వాళ్లకు ఇచ్చేశాడు. తిరువళ్లూరులో ఒక బియ్యం మండీలో మూటలు మోస్తున్నాడు.