చెల్లెలికి ఇస్తామన్న మైకు

మా చెల్లెలికి ముప్పై దాటాయి. చదువు అబ్బలేదు, లెక్కలు అసలే రావు. నిదానంగా చెబితే ఏదైనా అర్థం చేసుకుంటుంది, తనకు తోచింది మొహం మీదే చెప్పేస్తుంది. రేణిగుంట నుంచి రోజూ బస్సులో తిరుపతికి తీసుకెళ్లి, తనలాంటి వాళ్లు పగలు గడిపే కేంద్రంలో వదిలి నేను పనికి పోయేదాన్ని.

ఒకరోజు అక్కడికి పరిశోధన చేసే మేడం వచ్చింది. ఇలాంటివాళ్ల గురించి ఇన్నాళ్లూ అమ్మానాన్నలనే అడిగారట, ఈసారి వీళ్లనే పనిలో కలుపుకుంటారట. "ప్రశ్నలు మీ చెల్లెలే అడుగుతుందక్కా. చివర్లో మీటింగులో కూడా తనే చెబుతుంది," అంది. వెర్రిదాన్ని, నమ్మాను.

చెల్లెలు ఎంచుకున్న ప్రశ్న ఒకటే: "ఇంట్లో నిన్ను అడిగి చేస్తారా?" బట్టలు కొనేటప్పుడు, జుట్టు కత్తిరించేటప్పుడు, చుట్టాలింటికి పంపేటప్పుడు. కేంద్రంలో ఒక్కొక్కరి పక్కన కూర్చుని అడిగింది. మాట రానివాళ్లు బొమ్మల మీద వేలు పెట్టి చూపించారు. ఎక్కువమంది, ఇంట్లో తమను అడగరనే చెప్పారు. ఇంటికొచ్చాక వంటింట్లో గరిటె పట్టుకుని, "అడగరంట. అడిగితే బాగుంటాదంట," అని చెప్పుకునేది. నేను నవ్వితే కోప్పడేది.

మీటింగు రోజు పట్టుచీరే కావాలని పట్టుబట్టింది. హాల్లో వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు, ఫొటోలు తీశారు, చప్పట్లు కొట్టారు. మన సభల్లో శాలువా కప్పారంటే ఇక ఆ మనిషితో పని అయిపోయినట్టే. తనను కిందికి దింపి మొదటి వరుసలో నా పక్కన కూర్చోబెట్టారు.

తర్వాత మేడం తెర ముందు నిలబడింది. చాలా కుటుంబాలు వీళ్ల ఇష్టం కనుక్కునే అన్నీ చేస్తున్నాయని చెప్పింది. ఎవరన్నారంటే తల్లిదండ్రులన్నారట. మాకు తెలియకుండా వాళ్లనే మళ్లీ విడిగా అడిగి, ఆ జవాబులే తెర మీద పెట్టారు.

చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది. "అట్ల చెప్పలేదక్కా. అడగరనే చెప్పినారు. నేనెప్పుడు చెప్పాల?"

మేడం మైకుతో మా దగ్గరికి వచ్చింది. చెల్లెలు లేచి చెయ్యి చాచింది. మేడం మైకు నా చేతిలో పెట్టి, "టైం లేదక్కా. తన తరఫున మీరే రెండు మాటలు చెప్పేయండి," అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. "మీరు మాటిచ్చినది దానికి మేడం, నాకు గాదు," అని మైకు చెల్లెలికి ఇచ్చాను. తను గొంతు సవరించుకుని "అడగరంట" అనేలోపే, భోజనాలు సిద్ధమని వేదిక మీంచి ఎవరో ప్రకటించారు. జనం లేచారు. మైకు కట్టేశారు.

మా వీధిలో తనను వెక్కిరించినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్ల మీద కూడా నాకింత కోపం లేదు. వాళ్లు ఆశ పెట్టి మోసం చెయ్యలేదు.

కొన్నాళ్లకు శ్రీకాళహస్తిలో గాజులు కొనబోయాం. అంగడాయన నన్ను దాటుకుని చెల్లెలి వైపే తిరిగి, "నీకు ఏ రంగు గావాలమ్మా?" అన్నాడు.

తను గాజుల వైపు చూడనైనా లేదు.

"మా అక్కను అడుగు," అంది.