శుక్రవారం మూసుకున్న ఆరిళ్లు

వాడిపట్టి అనే తమిళ ఊరు దాటాక తెలుగు మాట్లాడే ఇళ్ల వరుస ఒకటుంది. మా వీధి అదే. ఆరు మేడల మీద సోలార్ పలకలు, ఆరిళ్లలో బ్యాటరీలు. వాడుకోగా మిగిలిన కరెంటును ఫోన్లోని యాప్‌తో ఒకరికొకరం అమ్ముకుంటాం. ఊరి లైను పోయినా వీధికి వేసుకున్న సొంత తీగ మీద అది పారుతుంది. పలకలు లేనిది ఎదురిల్లు ఒక్కటే, వాళ్లు మా దగ్గరే కొనుక్కుంటారు. అక్కడి పెద్దాయన కోయంబత్తూరు మిల్లులో దూది దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పోగొట్టుకున్నాడు. ఆక్సిజన్ యంత్రం లేకుండా ఆయనకు సాయంత్రం గడవదు.

యాప్ తమిళంలో ఉంది కాబట్టి మా అత్త నాకంటే ముందే నేర్చుకుంది. ఆమెకు ఒకటే దిగులు. శుక్రవారం దీపం పెట్టాక మా ఇళ్లలో ఉప్పు కూడా గడప దాటకూడదు, లక్ష్మి పోతుందట. అందుకని వారం వారం అమ్మకం తన చేత్తో ఆపేది. మరిచిన రోజు అన్నం తినేది కాదు. ఆ బాధ చూడలేక నేనే ఒక ఉపాయం చూపించాను: శుక్రవారం ఆరింటికి అది దానంతటదే మూసుకునేలా. మూఢాచారాల మీద వేదికలెక్కి అరిచే నేనే ఒక మూఢాచారానికి గడియారం కట్టిపెట్టాను. అత్త దాన్ని మిగతా ఐదిళ్లకూ నేర్పింది. నేను మురిసిపోయాను కూడా.

ఒక శుక్రవారం గాలివాన కొట్టి కరెంటు పోయింది. ఆరు దాటింది. ఎదురింటి కూతురు తడుస్తూ పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, నాయనకు పెదాలు నల్లబడతా ఉండాయి. మా ఆయన ఒట్టన్‌చత్రం మార్కెట్టుకు పోయినాడు, ఇంట్లో నేనొక్కతినే. యాప్‌లో కరెంటు ఎవురూ ఇయ్యడం లేదని చూపిస్తా ఉండాది."

మా ఇంటి యాప్ అత్త వేలిముద్రకే తెరుచుకుంటుంది. రెండిళ్లకు ఫోన్ చేశాను, గుడికి పోయినట్టున్నారు, ఎత్తలేదు. మూడో ఇంటామె, "మీ అత్త తెరిస్తే మేమూ తెరుస్తాం" అంది.

"అత్తా, ఒక్కసారి వేలు పెట్టండి."

"దీపం పెట్టేసినా కదమ్మా. ఇంగ ఇయ్యకూడదు."

"మనిషి చచ్చిపోతుంటే లక్ష్మి ఏంటి? కరెంటుకి గడప ఉందా? ఆలోచించేదే లేదా మీకు?"

"నీ పగుత్తరివు మీటింగులో పెట్టుకో," అంది. తమిళంలో హేతువాదాన్ని అట్లాగే అంటారు. "నాతో వాదం పెట్టుకుంటే ఆయనకు ఊపిరొస్తుందా?"

నిజమే. నేను వాదిస్తున్నాను, అక్కడ ఆయన ఎగశ్వాస తీస్తున్నాడు. ఆమె చెయ్యి పట్టుకుని లాగబోయాను. ఆమె విదిలించుకుని లేచింది.

"ఇయ్యకూడదన్నా గానీ, రాకూడదన్నానా? ఆయన్నే ఇట్ల తీసుకొని రాండి. మన ఇంట్లో మన కరెంటు."

ఆయన్ను కుర్చీతో సహా ముగ్గురం మోసుకొచ్చాం, అత్త కూడా ఒక కాలు పట్టింది. వానలో ఆయన తల నా భుజానికి కొట్టుకుంటూ ఉంది. యంత్రాన్ని మా హాల్లో తగిలించాం. పెదాలకు రంగు రావడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. తేరుకున్నాక ఆయన, "మీ ఇంటికి లచ్చిమి రాలేదు, నేనొచ్చినా" అని నవ్వాడు. అత్త ఆయనకు చారన్నం పెట్టింది.

మరునాడు అత్త ఫోన్ నా ముందుకు తోసి, ఎదురింటికి మాత్రం శుక్రవారం కూడా పారేలా మార్చమంది. "మన ఇంట్లో అన్నం తిన్నాడు. ఇంక బయటోడు కాదు."

నాకు కోపం వచ్చింది. మోయడానికి ముగ్గురం లేకపోయుంటే? ఊపిరికి ముందు అన్నం తినాలా? కూర్చోబెట్టి అన్నీ అడిగాను. మిగతా ఇళ్లవాళ్లు, "ఆయన తిన్నది మీ ఇంట్లో కదా" అన్నారు, నా దగ్గర ఆ ఐదిళ్లను తెరిచే మాట లేదు. చివరికి పెద్దాయన్ను నేనే చెయ్యి పట్టుకుని ఇంటింటికీ భోజనానికి నడిపించాను, సిగ్గు చంపుకుని. నాలుగిళ్లు తెరుచుకున్నాయి. ఐదో ఇంటివాళ్లు పెరియకుళం తోటలో ఉన్నారు, మామిడి కాపు అయ్యేదాకా రారు, ఆయన వాళ్లింట్లో తినేదాకా తెరవరు. మా ఐదిళ్ల బ్యాటరీలు పాతవి, వాళ్లదే పెద్దది. శుక్రవారం మబ్బు పట్టిందంటే నేను వాళ్ల తాళాన్నే చూస్తూ ఉంటాను.