చేదు తీగెకు నీళ్లు

నా చిన్నప్పుడు మా పెరట్లో దోసతీగెలతో పాటు నేనొక పగ కూడా పెంచాను. ఆ పగ ఎవరి మీదనో ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. అయినా ఆమె ముఖం తలుచుకుంటే నాకు ఇప్పటికీ పళ్లు బిగుసుకుంటాయి.

మోతె దగ్గర మా ఊళ్లో, మా ఇంటికీ పక్కింటికీ మధ్య ముళ్లకంప దడి ఉండేది. తొలకరి పడగానే మా నాయనమ్మ దడి వెంట దోసగింజలు పెట్టేది. నీళ్లు పోయడం నా పని. ఆమె కాయలను ముదరనిచ్చేది కాదు. బొటనవేలంత పిందెలుగా ఉన్నప్పుడే తెంపి, ఉప్పులో ఊరేసి, ఆవపిండీ కారమూ కలిపి జాడీకెత్తేది. ఇప్పుడు కొట్లలో సీసాల్లో గెర్కిన్లని పెట్టి అమ్ముతున్నవి చూస్తే అవే గుర్తొస్తాయి. అయితే ప్రతి పిందె కొసా కోసి నాలుక మీద పెట్టి చూడాల్సిందే. ఒక్క చేదుపిందె కలిసినా జాడీ మొత్తం పారబోసుకోవాలి.

ఆ ఏడు పొద్దున లేచేసరికి పిందెలు మాయమవుతుండేవి. పక్కింటి పెద్దమ్మ దడి అవతల నిలబడి మా అమ్మతో, "మీ పిల్లనే తెంపుకొని తింటున్నది, నా కండ్లతోటి సూసిన" అని చెప్పింది. అమ్మ నన్ను చీపురుకట్టతో కొట్టింది. కాదని ఎంత ఏడ్చినా వినలేదు. బడిలో పిల్లలు నన్ను దోసకాయల దొంగ అని పిలవడం మొదలుపెట్టారు. కొన్నాళ్లకు ఆ పెద్దమ్మే గిన్నెలో దోసపిందెల ఊరగాయ పంపింది. వాళ్లింట్లో ఒక్క దోసతీగె లేదు. నాయనమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమిలి, గిన్నె కడిగి తిరిగి పంపించింది.

నాకు ఒళ్లు మండిపోయింది. వాళ్ల నీళ్లకుండలన్నీ పగలగొడదామని రాళ్లు ఏరుకుని ఒడిలో వేసుకున్నాను. నాయనమ్మ వాటిని ఒక్కొక్కటే తీసి కింద పెట్టింది.

"నువ్వు రాయి ఏసినవనుకో, ఊరంతా ఆ పక్కింటిదాని దిక్కే అయితది. జర ఆగు బిడ్డా."

దడి మూలన ఆ ఏడు ఎవరూ పెట్టకుండానే ఒక తీగె మొలిచింది. దాని తొలి పిందె కొస నాలుకకు తగలగానే నాయనమ్మ తుపుక్కున ఉమ్మింది. అలాంటి తీగెను ఆమె ఎప్పుడూ ఉంచేది కాదు. పీకడానికి మొదలు పట్టుకుంది కూడా. అంతలో దడి వైపు ఒకసారి చూసి చేయి వదిలేసింది.

"గీ తీగెకు నీళ్లు మంచిగ పొయ్యి" అంది.

నాకు విషయం అర్థమైంది. మిగతా తీగెలకు మరిచిపోయినా దానికి మాత్రం రెండు పూటలా పోశాను. అది దడి మీదికెక్కి, చూసినవాళ్లకు నోరూరేలా కాసింది.

పెద్దమ్మకు శనివారం ఒక్కపొద్దు. పొద్దు మునిగి దీపం పెట్టేదాకా నోట్లో ఏమీ వేసుకోదు, నాలుకకు ఏదీ తగలనివ్వదు. ఆ ఆదివారం ఆమె కూతురి అత్తగారు కోదాడ నుంచి వస్తోందనీ, తన చేతి ఊరగాయ తినిపిస్తాననీ దడి మీదుగా తనే చెప్పుకుంది. శుక్రవారం సాయంత్రం నాయనమ్మ మంచి తీగెలన్నీ దులిపేసి, మూల తీగెను ముట్టుకోకుండా వదిలింది. శనివారం తెల్లారేసరికి దాని మీద ఒక్క పిందె లేదు. దొంగతనం చేయడానికి అడ్డురాని ఒక్కపొద్దు, కొస రుచి చూడటానికి అడ్డొచ్చింది. జాడీకి గుడ్డ కట్టాక మర్నాటిదాకా విప్పే అలవాటు మా వైపు ఎవరికీ లేదు.

ఆదివారం వడ్డనకు సాయం రమ్మంటే నాయనమ్మ, అమ్మ వెళ్లారు. నేను గడపలో కూర్చున్నాను. ఆ అత్తగారు ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. తర్వాత విస్తరి పక్కన ఉమ్మింది.

"ఇదేంటి వదినగారూ, ఇంత చేదుగా ఉంది. కాయ రుచి చూడలేదా?"

చారు గిన్నె పట్టుకుని నిలబడ్డ నాయనమ్మ పెద్దమ్మ వైపు తిరిగి ఎంతో మెత్తగా అంది, "మా మూల తీగె కాయలు చేదుంటయ్ బిడ్డా. నన్నడుగుతే మంచియి తెంపి ఇద్దును గద."

పంక్తిలో చేతులన్నీ ఆగిపోయాయి. పెద్దమ్మ ముఖం చూస్తూ కూర్చున్నాను. నాకు జాలి కలగలేదు. పండక్కి కొత్త బట్టలు కట్టుకున్నప్పుడు కూడా నాకంత సంతోషం కలగలేదు. ఆ రోజు ఇంటికి వస్తూ అమ్మ నా చేయి వదల్లేదు. చీపురు మాట మాత్రం ఎత్తలేదు.

నాయనమ్మ ఆ సాయంత్రమే ఆ తీగెను వేళ్లతో సహా పీకేసింది. వద్దని ఏడ్చాను. "దాని పని అయిపోయింది, ఇగ ఎందుకు?" అంది. ఆ మాట నాకు సరిగ్గా వంటబట్టలేదు.

ఇప్పుడు మిర్యాలగూడలో మా అపార్ట్‌మెంట్ మేడ మీద కుండీల్లో దోసపిందెలు పెంచుతున్నాను. ప్రతి కొసా రుచి చూసే జాడీలో వేస్తాను. ఈమధ్య పిందెలు పోతున్నాయి. వాచ్‌మన్ కూతురే తెంపుతోందని మూడో అంతస్తు ఆవిడ మెట్ల మీద నలుగురిలో అంది. ఆ పిల్ల తల వంచుకుని నిలబడింది. మూడో అంతస్తు ఆవిడ ముఖంలో నాకు మా పక్కింటి పెద్దమ్మే కనిపించింది. ఈ ఏడు మూల కుండీలో ఒక తీగె చేదుగా కాసింది. దానికి రెండు పూటలా నీళ్లు పోస్తున్నాను.