ఎవరు వాడుతున్నారో చెప్పని వాక్యం

చదువైపోయి, సరైన ఉద్యోగం దొరకని రోజుల్లో అనకాపల్లిలో నేను చేయని కంప్యూటర్ పని లేదు. బెల్లం కొట్లలో ప్రింటర్లు బాగుచేశాను, ఇంటర్నెట్ సెంటర్లలో వైరస్‌లు తీశాను. వాటన్నిటిలో కాస్త బుర్ర పెట్టాల్సిన పని స్టేషన్ దగ్గర ఒక వీడియో మిక్సింగ్ స్టూడియోలో దొరికింది. పెళ్లిళ్లు, చర్చిల్లో బాప్తిస్మాలు తీసి, పాటలు కలిపి, సీడీలు చేసి ఇచ్చేవాళ్లు.

నేను అక్కడ చేసిన ఏర్పాటు ఇది. మిక్సింగ్‌కు ఒక సిస్టం, ఓనరు టేబుల్ మీద ఇంకొకటి, వీడియోలన్నీ ఉండే సర్వరు ఒకటి. రెండు సిస్టంలలోనూ తెరిచేది ఆ సర్వరులోని ఫైళ్లనే. సర్వరులోని హార్డ్‌డిస్కుల్ని సొరుగుల్లా బయటికి లాగొచ్చు. లాగే ముందు తెర మీద ఒక బటన్ నొక్కాలి. డిస్కులో ఏ ఫైలూ తెరిచి లేకపోతే తియ్యొచ్చంటుంది; తెరిచి ఉండగా లాగితే ఫైళ్లు పాడవుతాయి. తెరిచి ఉంటే ఒక ఇంగ్లీషు వాక్యం వస్తుంది: "వాల్యూమ్ ఈజ్ ఇన్ యూజ్." కంప్యూటర్ భాషలో వాల్యూమ్ అంటే డిస్కు, అది వాడుకలో ఉందని. ఏ ఫైలు, ఏ సిస్టంలో తెరిచి ఉంది, ఇప్పుడేం చెయ్యాలి? మూడింట్లో ఒక్కటీ చెప్పదు.

మిక్సింగ్ చేసే ఆవిడ చర్చి వెనక వీధి నుంచి వచ్చేది. మా అందరికీ అక్క. పాట ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో అక్కడ సీను మార్చేది. ఆ వాక్యం మొదటిసారి వచ్చినప్పుడు అక్క చెయ్యి చాచి స్పీకరు మీట తిప్పింది.

"ఏటి సేత్తన్నావక్కా?" అన్నాడు ఓనరు.

"వాల్యూమ్ అంటంది కద సార్. తగ్గించేను."

ఓనరు టేబుల్ చరిచి మరీ నవ్వాడు. ఆ రోజు నుంచి వచ్చిన ప్రతి కస్టమరుకూ టీతో పాటు ఆ కథ. "మా అక్కని సూడండి, డిస్కు తియ్యమంటే పాట సౌండు తగ్గించేసింది!" మొదట్లో అక్క కూడా నవ్వేది. తర్వాత హెడ్‌ఫోన్ పెట్టుకునేది.

నాకు నవ్వు రాలేదు. పొద్దస్తమానం శబ్దంతో పనిచేసే మనిషికి వాల్యూమ్ అంటే మరేమిటి? నేను కొత్త వాక్యం రాశాను: "ఈ డిస్కులోని ఈ ఫైలు ఫలానా సిస్టంలో తెరిచి ఉంది. అక్కడ మూసి, మళ్లీ నొక్కండి." ఫైలు పేరూ సిస్టం పేరూ ప్రోగ్రామే వెతికి నింపుతుంది. పట్టుకెళ్లి ఓనరుకు చూపించాను. మేమిద్దరం ఒకరినొకరం బావా అనుకునేవాళ్లం.

"ఏటి బావా, తెలుగులోనా? అద్దంలోంచి కస్టమర్లు సూత్తారు. రేషన్ షాపు బోర్డులా ఉంది."

"పోనీ ఇంగ్లీషులో పెడతాను బావా. ఏ సిస్టమో తెలిస్తే చాలు."

"ఉన్నది బానే ఉందిలే. ఇంజినీరు సదివేవని పన్లేని పన్లు సెయ్యకు."

నేను లేనప్పుడు జరిగింది తర్వాత అక్క చెప్పింది. రావికమతం వైపు రైతుల పెళ్లి ఒకటి ఆ డిస్కులో ఉంది. ఓనరు దాన్ని తీసుకుని వైజాగ్ బయల్దేరాలి, తొందర. అక్క తన ఫైలు మూసి బటన్ నొక్కింది. అదే వాక్యం. తన సిస్టం ఆపి, వెలిగించి, మళ్లీ నొక్కింది. అదే.

"సార్, ఇంకా యూజ్‌లో ఉందంటంది."

"సౌండు తగ్గించేవా మరి?" అన్నాడట ఓనరు. బల్ల మీద కూర్చున్న కస్టమర్లు నవ్వారట. ఆ నవ్వులోనే ఆయన లేచొచ్చి సొరుగు లాగేశాడు. అప్పుడు ఆయన టేబుల్ మీది సిస్టంలో ఆ పెళ్లి ముక్కే ఒకటి సేవ్ అవుతోంది; అది తర్వాత నేను చూస్తే తెలిసింది.

నాకు చేతనైనవన్నీ చేశాను. తలంబ్రాల దగ్గర్నుంచి అప్పగింతల దాకా ఏదీ తిరిగి రాలేదు. కెమెరా టేపులు అప్పటికే చెరిపేసి వేరే పెళ్లికి వాడేశారు. అది ఓనరు పొదుపు.

పెళ్లికూతురి తండ్రి వచ్చిన రోజు నేనూ ఉన్నాను. ఆయన అరవలేదు. "ఎవరి వల్ల పోయిందో అదొక్కటీ సెప్పండి" అన్నాడు.

"ఇదిగోండి, ఈవిడే. వాల్యూమ్ అంటే సౌండనుకునే మనిషి" అన్నాడు ఓనరు. అన్నాళ్ల హాస్యం ఒక్క నిమిషంలో సాక్ష్యమైపోయింది.

"నాను లాగలేదు సార్. తమరే లాగేరు."

"ఫైలు ముయ్యందెవరు?"

"నాను మూసేను."

"మూసేత్తే యూజ్‌లో ఉందని ఎందుకంటాది మరి?"

ఎందుకో అక్కకు తెలియదు. నాకు తెలుసు. "తెరిచి ఉన్నది మీ టేబుల్ మీద బావా. సగంలో ఆగిపోయిన ఆ సేవింగ్‌ను నేనే చూశాను" అన్నాను.

ఓనరు నింపాదిగా నా వైపు తిరిగాడు. "యూజ్‌లో ఉందన్నాది గానీ, నా సిస్టం అన్నాదేటి? అంటే సూపించు."

ఆ వాక్యం అలా అనలేదు. చూపించడానికేమీ లేదు. పెళ్లికూతురి తండ్రికి నేను ఆ మిషన్లు బిగించిన మనిషిని, అంతకంటే ఏమీ కాను. మా ముగ్గురినీ ఒకలాగే చూసి, తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే ఓనరు అక్కను మర్నాటి నుంచి రావద్దన్నాడు. అక్క హెడ్‌ఫోన్ వైరు చుట్టి కొక్కేనికి తగిలించి, క్యారేజీ సంచిలో పెట్టుకుంది.

"నువ్వు రాసిన మాట ఉండుంటే ఆడి టేబులు పేరొచ్చును కద తమ్ముడూ?"

"వచ్చేదక్కా."

"అందుకే ఉండనివ్వలేదు."

అప్పటికి ఓనరుకు అంత ముందుచూపు లేదనే నా నమ్మకం. అక్షరాలు అందంగా లేవనే వద్దన్నాడు. అక్క ఊళ్లోని మరో రెండు స్టూడియోలకు వెళ్లింది. సౌండు కథ ఆవిడకంటే ముందే అక్కడికి చేరింది. చివరికి ఒక స్కూల్లో ఆయాగా కుదిరింది.

కొన్నాళ్లకు ఓనరే ఫోన్ చేశాడు. "బావా, కొత్తమ్మాయి వచ్చింది. ఆ మెసేజీ పెట్టేయ్. తెలుగైనా పర్లేదు. సిస్టం పేరొక్కటీ తీసెయ్."

"అది తీసేస్తే మిగిలేదేమిటి బావా?"

"ఎవరో వాడతన్నారంటే సాలదేటి? నువ్వు సెయ్యకపోతే ఇంకోడు సేత్తాడు."

నేను చెయ్యలేదు. ఇంకొకడు చేశాడు. ఒకసారి ఆ దారిన పోతూ అద్దంలోంచి చూశాను. తెర మీద పెద్ద పెద్ద తెలుగు అక్షరాలు, ఒక్క తప్పు లేదు: "డిస్కు వాడుకలో ఉంది. దయచేసి కాసేపాగి ప్రయత్నించండి." వెనక టేబుల్ దగ్గర ఓనరు తన సిస్టంలో ఎవరికో పెళ్లి చూపిస్తున్నాడు. కొత్తమ్మాయి ఒళ్లో చేతులు పెట్టుకుని ఆ వాక్యం పోవడం కోసం కూర్చుని ఉంది.